తెల్ల కారు కడిగిన నీళ్ళు

ఖర నామ సంవత్సరం, శరత్కాలం. ఆ ఏడు వానలు ముందే వెనక్కి తగ్గాయి. ఏరు సన్నబడి ఒక పక్కకు ఒదిగి పారుతూ ఉంది. మిగతా పక్కంతా ఇసుక.

ఏటికి ఎగువన ఒక ఊరు, దిగువన ఒక ఊరు. ఎగువ ఊళ్ళో కార్లు ఉన్నాయి. దిగువ ఊళ్ళో చెలమలు ఉన్నాయి. ఏటి ఇసుకలో మోచేతి లోతు గుంట తీస్తే అడుగున నీళ్ళు ఊరతాయి. ఆ గుంటే చెలమ. ఆడవాళ్ళు కొబ్బరి చిప్పతో తోడి బిందె నింపుకుంటారు. దిగువ ఊరు తాగేదీ, వండుకునేదీ ఆ నీళ్ళే.

రెండు ఊళ్ళకూ నడుమ రేవు. ఆ రేవులో కార్లు కడిగేవాడొకడు ఉండేవాడు. అతని పని ఎగువ ఊరిది, ఇల్లు దిగువ ఊళ్ళో. అతనికొక పేరు ఉండింది గాని, ఎగువ ఊరివాళ్ళకు దాని అవసరం పడలేదు. దిగువ ఊరివాళ్ళు వాడక మరిచిపోయారు. అందరూ కడిగేవాడనే అనేవాళ్ళు.

కడిగే పద్ధతి అక్కడ తాతల నాటి నుంచీ ఒకటే. తాతలు ఎద్దులబండ్లను ఏట్లోకి దించేవాళ్ళు. వీళ్ళు కార్లను దించేవాళ్ళు. చక్రాలు సగం మునిగేదాకా పోనిచ్చి ఆపితే, కడిగేవాడు మోకాళ్ళ లోతులో నిలబడి బకెట్టుతో ముంచి పైన కుమ్మరించేవాడు. సబ్బుపొడి చల్లి గోనెపట్టాతో రుద్దేవాడు. మళ్ళీ కుమ్మరించేవాడు. బురద, ఆయిలు, గ్రీసు, నురగ అన్నీ జారి ఏట్లో కలిసిపోయేవి. అవి ఎటు పోయాయో వెనక్కి తిరిగి చూసినవాళ్ళు లేరు. ఏరు అంత మంచిది. ఏమిచ్చినా కాదనకుండా తీసుకుపోయేది.

ఎగువ ఊరి కార్లలో మొదటిది తెల్ల కారు. దాని యజమాని ఆ ఊరి పెద్ద. ఆయన పంచె తెలుపు, చొక్కా తెలుపు, ఇంటి గోడలు తెలుపు. తెలుపంటే ఆయనకు గౌరవం, ఆయనంటే ఊరికి గౌరవం. ఆయుధ పూజకు ముందు రోజు ఎగువ ఊరి బండ్లన్నీ కడిగించడం, మరునాడు వాటికి పసుపు కుంకుమలు పెట్టి దిష్టి తీయడం ఆచారం. ఆ ముందు రోజు తెల్ల కారుకే మొదటి స్నానం. తెల్ల కారును ఎక్కడ కడిగితే మిగతా కార్లన్నీ అక్కడికే పోవాలి. ఎవరు కడిగితే ఏడాది పొడవునా అన్నీ వాళ్ళ చేతికే రావాలి. ఎవరూ చాటింపు వేయించని ఆచారమిది, అయినా ఎవరూ మీరింది లేదు. కడిగేవాడి ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ ఆచారం మీదనే.

పండుగ ఇంకా దూరంగా ఉందనగా, ఒకనాడు మధ్యాహ్నం అతను అన్నానికి ఇంటికి వచ్చాడు. భార్య చెంబుతో నీళ్ళిచ్చింది. గుక్కెడు తాగి ఆగాడు. మొహం విప్పారింది.

"నిమ్మకాయ పిండినావా?" అన్నాడు.

"ఇంట్లో నిమ్మకాయ యాడుంది?" అంది ఆమె.

అతను ఇంకో గుక్క తాగాడు. తర్వాత తన అరచేతులు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ పొద్దున కొత్త రకం సబ్బుపొడి వాడాడు. నిమ్మకాయ వాసన దీని ప్రత్యేకమని దుకాణం వాడు మరీ మరీ చెప్పి ఇచ్చాడు. చేతుల మీది వాసనా, చెంబులో వాసనా ఒకటే.

ఆమె మాట దాచుకునే మనిషి కాదు. అడిగితే చెప్పింది. కొన్నాళ్ళుగా కాస్తే పాలు విరుగుతున్నాయని, పప్పు ఎంతసేపటికీ మెత్తబడటం లేదని, పురిటికి వచ్చిన కూతురు పసిబిడ్డకు నీళ్ళు పోస్తే ఒళ్ళంతా ఎర్రగా పొక్కుతోందని చెప్పింది. ప్రతి ఇంట్లోనూ ఇదే వరస అని, ఎందువల్లో ఊరందరికీ తెలుసని కూడా చెప్పింది.

"మరి నాతో ఎవరూ అనలేదే?"

"నీ మొహం చూసి ఎట్లా అంటారు మామా? పొద్దున నువ్వు కడిగింది మధ్యాహ్నానికి మేం తాగుతాండాం, మానెయ్యి అంటే, నీ పొయ్యి ఆర్పుకో అన్నట్టు గదా."

అతను చెంబు కింద పెట్టాడు. అన్నం తిన్నాడు. పిల్ల ఉయ్యాల వైపు ఒకసారి చూశాడు. చెయ్యి కడుక్కుని లేచి, "ఇంక ఏట్లో కడగను" అన్నాడు.

అతను పెళ్ళప్పుడు పల్లకీ ఎక్కనని అంటే ఎక్కనేలేదని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. ఆమెకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. అందుకే ఎందుకని అడగలేదు.

"మరి యాడ కడుగుతావు?" అని మాత్రం అడిగింది.

"గట్టున. ఏట్లో బొట్టు పడనీయను."

అన్నట్టే మరునాడు పొద్దున కార్లను నీళ్ళలోకి దిగనీయలేదు. రేవు పక్కన ఇసుక మేట మీద నిలబెట్టించాడు. బకెట్టుతో నీళ్ళు పైకి మోసుకొచ్చి కడిగాడు. నడుము విరిగింది గాని మనసు తేలికపడింది. కుమ్మరించిన నీళ్ళు కుమ్మరించినట్టే ఇసుకలో ఇంకిపోతున్నాయి. నురగ కూడా కనబడటం లేదు. ఇంత సులువైన పని ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు తోచలేదో అతనికి అర్థం కాలేదు.

తెల్ల కారు డ్రైవరు అటుగా పోతూ చూశాడు. వాడికి నోరు ఊరుకోదు. "ఏమప్పా, నీళ్ళను చూస్తే భయపడతాండావంట. పిచ్చికుక్క గాని కరిచిందా?" అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. కడిగేవాడు కూడా నవ్వాడు. గెలిచినవాడు నవ్వినట్టు నవ్వాడు.

కొన్ని రోజులు గడిచాయి. ఒక సాయంత్రం భార్య అతన్ని చెలమ దగ్గరికి పిలుచుకుపోయింది. చిప్పతో నీళ్ళు తోడి అతని ముక్కు కింద పెట్టింది. నిమ్మకాయ వాసన.

"ఏట్లో ఒక్క చుక్క పడనీలేదే నేను" అన్నాడు అతను.

"చెలమలోకి నీళ్ళు యాడినుంచి వస్తాయి?"

"ఇసుకలోనుంచి."

"నువ్వు పోసేది యాడ?"

అతను చిప్పలో నీళ్ళు ఇసుక మీద వంచి, అవి ఇంకిపోవటం చూశాడు. కాసేపటికి తనను చూసి తనకే నవ్వొచ్చింది. పుట్టినప్పటి నుంచీ చెలమ నీళ్ళు తాగి పెరిగినవాడు. ఎండాకాలంలో ఇసుక తోడి తోడి గోళ్ళు అరిగినవాడు. ఆ ఇసుక కింద ఏరు ఇంకా పారుతూనే ఉంటుందని అతనికి వేరే ఎవరూ చెప్పనక్కర లేదు. అయినా మరిచాడు. పైన కనబడకపోతే పోయినట్టేనని అనుకున్నాడు, అందరిలాగే.

అప్పుడు అతను ఎగువ ఊళ్ళో జాగా కోసం తిరిగాడు. గుడి పక్కన ఖాళీ స్థలం అడిగాడు. ధర్మకర్త చాలా మంచి ఆలోచన అన్నాడు, దేవుడి ఎదుట మురికి బాగుండదని కూడా అన్నాడు. బడి వెనక మైదానం అడిగాడు. పంతులు పిల్లలందరినీ నిలబెట్టి ఇతన్ని చూపించి చప్పట్లు కొట్టించాడు, జాగా మాత్రం వీలుకాదన్నాడు. సంత దిబ్బ అడిగితే వ్యాపారులు ఏకగ్రీవంగా మెచ్చుకుని ఏకగ్రీవంగా వద్దన్నారు. వీధిలోనే కడుగుదామంటే వీధి కాలవలన్నీ సిమెంటుతో కట్టినవి, అన్నీ చివరికి ఏట్లోకే దూకుతాయి. ఊరంతా అతన్ని పొగిడింది. అరచెయ్యంత నేల ఎవరూ ఇవ్వలేదు.

చివరికి తెల్ల కారు పెద్దాయన దగ్గరికి పోయాడు. ఆయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

"ఏమిరా, ఏరు ఉండగా నేల ఎందుకు? నేల మీద పోస్తే ఉన్నచోటే ఉంటాది. ఏట్లో పోస్తే పోతాది" అన్నాడు.

"యాడికి పోతాది సామీ?"

"కిందికి" అన్నాడు పెద్దాయన. ఆ మాటతో సంగతి తేలిపోయినట్టు లోపలికి లేచిపోయాడు.

కడిగేవాడు ఇంటికి వచ్చి కూర్చున్నాడు. అతని మనసులో ఒక జాగా ఉంది. అది నోటి దాకా రావటం లేదు. ఊరి దిన్నెకు అవతల, ఏటికి వీపు తిప్పి వాలిన ఒక రేగడి చెక్క. అక్కడ పోసిన నీళ్ళు ఏటికి రావు. రేగడి అడుగున రాతి పలక, ఇంకినా కిందికి పోవు. అది భార్యది. పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చారు. వాళ్ళకున్న నేల అదొక్కటే. ఏటా ఆమె అందులో అలసందలు వేస్తుంది. ఆ అలసందల విత్తనం ఆమె తల్లి దగ్గరి నుంచి వచ్చింది. ఆ చేలో ఎప్పుడు విత్తాలో, ఎప్పుడు కోయాలో అతను చెప్పేవాడు కాదు. ఆమెను అడిగి తెలుసుకునేవాడు.

మాట ఆమే ఎత్తింది.

"నా చేను ఉంది గదా."

"అది నీది."

"నాది కాబట్టే చెప్తాండా. ఊళ్ళోవాళ్ళది అయితే నేనెట్లా చెప్తాను?"

"గ్రీసు పడితే ఆ నేల మళ్ళీ దేనికీ పనికిరాదే."

"తెలుసు. రేగడికి మింగేది తెలుసు గాని కక్కేది తెలీదు. అందుకే చెప్తాండా." ఆమె చేటలో పప్పు చెరుగుతూనే మాట్లాడింది, తల ఎత్తలేదు. "గట్టు మాత్రం ఎత్తుగా వెయ్యి. వానొస్తే పొర్లకూడదు."

అలసంద తీగలు అప్పుడు పూత మీద ఉన్నాయి. వాటిని ఆమే పీకింది. అతను సాయం పోతే చెయ్యి వెయ్యనివ్వలేదు. పీకిన తీగలను మోపు కట్టి పక్కింటి ఆవుకు వేసింది. ఇంటికి వచ్చి వంట చేసింది. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. అందరూ అదే తిన్నారు.

తర్వాత ఇద్దరూ కలిసి పని మొదలుపెట్టారు. చేను పైవైపు గరిక నాటారు, కార్లు నిలబడేది దాని మీద. కిందివైపు గుంట తవ్వారు. గుంట లోపల బంకమన్ను మెత్తి, కాళ్ళతో తొక్కి గట్టిపరిచారు. చుట్టూ ఆమె చెప్పినంత ఎత్తు గట్టు వేశారు. కారు మీది నుంచి జారిన నీళ్ళు గరికలో వడకట్టుకుని, నలుపంతా గుంటలో చేరి నిలవాలి.

కడిగే పద్ధతి కూడా మారింది. ఏట్లో నిలబడి కడిగినన్నాళ్ళూ నీళ్ళకు కొదవ లేదు. దిన్నె మీదికి ఒక్కొక్క బిందె మోసుకొచ్చేసరికి నీళ్ళ బరువెంతో మెడకు తెలిసింది. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులిపేవాడు. తర్వాత తడిగుడ్డతో తుడిచేవాడు. సబ్బుపొడి మానేసి కుంకుడుకాయల పులుసు పిసికి పెట్టుకున్నాడు. ఆ పులుసుకు గ్రీసు తేలిగ్గా లొంగలేదు. అతనూ తేలిగ్గా లొంగలేదు.

మొదట్లో కార్లు పలచగా వచ్చాయి. దిన్నె ఎక్కడం దండగ అన్నవాళ్ళున్నారు, కారుకు తలంటు కూడా పోస్తావా అని కుంకుళ్ళను చూసి వేళాకోళం చేసినవాళ్ళున్నారు. చాలామంది దుమ్ముతోనే తిరుగుతూ పండుగ కోసం ఆగారు. తెల్ల కారు ఎటు పోతుందో చూసి అటు పోవాలని వాళ్ళ ఉద్దేశం. కడిగేవాడికి దిగులు పట్టలేదు. తన మురికిని చేతికి అందేంత దూరంలో పెట్టుకున్నవాడి ధైర్యం అతనిది.

ఆ రోజుల్లో రేవు ఖాళీగా ఉంది. ఏరు ఊపిరి తీసుకుంది. అడుగున రాళ్ళు కనబడ్డాయి. ఎన్నాళ్ళుగానో కనబడని బుడ్డపరక చేపలు ఆ రాళ్ళ సందుల్లో తిరిగాయి. చెలమ నీళ్ళకు వాసన పోయింది. పాలు విరగటం ఆగింది. పసిబిడ్డ ఒంటి మీది పొక్కులు మానాయి. బిడ్డకు నీళ్ళు పోసినప్పుడల్లా కూతురు తండ్రిని పిలిచి వీపు చూపించేది.

ఆయుధ పూజకు ముందు రోజు వచ్చింది. పొద్దున్నే తెల్ల కారు దిన్నె ఎక్కింది. దాని వెనక ఊళ్ళోని కార్లన్నీ వరసగా ఎక్కాయి. రేవులో కడగటానికి వేరే మనిషి లేడు గనక పెద్దాయన ఈ ఒక్కసారికి సరే అన్నాడని డ్రైవరు అందరికీ చెప్పాడు. పెద్దాయన కుర్చీ వేయించుకుని గొడుగు కింద కూర్చున్నాడు. కడిగేవాడి భార్య దూరంగా గట్టు మీద కూర్చుంది. ఆనాడు ఏం తేలుతుందో అదే ఏడాది పొడవునా నిలుస్తుందని అక్కడున్న అందరికీ తెలుసు.

కడిగేవాడు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. దులిపాడు, తడిపాడు, కుంకుడు నురగతో రుద్దాడు. చక్రాల లోపలికి చెయ్యి పోనిచ్చాడు. అడుగుభాగం గీకాడు. తర్వాత పైనుంచి నీళ్ళు వదిలాడు.

నీళ్ళు కారు మీద నుంచి దిగాయి. దిగేటప్పుడు తెల్లగానే ఉన్నాయి. గరిక మీదికి వచ్చేసరికి బూడిద రంగు. గుంట అంచుకు వచ్చేసరికి నలుపు. మరీ కాటుకలాంటి నలుపు. దాని మీద ఆయిలు రంగురంగులుగా మెరిసింది. చూస్తూ ఉండగా గుంట అడుగు కప్పుకుపోయింది. ఏట్లో అయితే ఆ పాటికి అది ఎక్కడో ఉండేది. ఇక్కడ ఎక్కడికీ పోలేదు. అందరి కళ్ళ ముందు అట్లాగే నిలబడింది.

జనం దగ్గరికి వచ్చి గుంటలోకి తొంగి చూశారు. ఎవరో వెనక నుంచి, పెద్దాయన కారే ఇట్లుంటే మనవి ఎట్లుంటాయో అన్నారు. ఇంకెవరో, మనవే నయమేమో అన్నారు. ఆ రెండో మాట పెద్దాయన చెవిన పడింది.

ఆయన కుర్చీలోంచి లేచాడు.

"నా కారులో ఇంత నలుపు లేదు. నువ్వేదో కలిపినావు."

"ఏమీ కలపలేదు సామీ. ఏటేటా ఇంతే వచ్చేది. ఏరు మీకు చూపించలేదు, అంతే."

పెద్దాయన మొహం ఎర్రబడింది. ఆయన కోపిష్టి కాదు. తెల్లబట్ట మీద మరక పడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది ఆయనకు. ఆచారం తప్పడమే అసలు తప్పని, తాతల నాటి నుంచీ బండి ఏట్లో దిగాకనే పూజ అని, ఆ శుభం కాస్తా ఇక్కడ చెడిందని చెప్పి కారు ఎక్కాడు. తెల్ల కారు సగం తడితోనే దిన్నె దిగింది. మిగతా కార్లు ఒకటొకటిగా వెనక్కి తిరిగి దాని వెంట పోయాయి. గరిక మీద ఒక్క బండి మిగల్లేదు.

కడిగేవాడు భార్య వైపు చూడలేకపోయాడు. ఆమె గట్టు మీద నుంచి లేచి వచ్చి, "ఇక్కడ నిలబడితే ఏముంది, పోయి చూడు" అంది. అతను రేవుకు నడిచాడు.

తెల్ల కారు ఏట్లో దిగి ఉంది. డ్రైవరు ప్యాంటు పైకి మడిచి బకెట్టుతో నీళ్ళు కొడుతున్నాడు. ఎవరి దగ్గరో సబ్బుపొడి పట్టుకొచ్చాడు. ఒడ్డు పొడుగునా కార్లు వరస కట్టి తమ వంతు కోసం ఆగి ఉన్నాయి. పెద్దాయన గొడుగు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. ఆయన మొహం తేటబడింది. మళ్ళీ అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

అయితే ఒక్కటి ఎక్కడిదక్కడ లేదు. ఏరు ఇదివరకటిలా లేదు. ఎప్పుడూ కలకబారి ఉండే నీళ్ళలో ఏం కలిసినా తెలిసేది కాదు. ఇప్పుడవి అద్దంలా ఉన్నాయి. ఆ అద్దంలో తెల్ల కారు కింది నుంచి నల్లటి పాయ ఒకటి బయలుదేరింది. అది జడలా సాగింది, వెడల్పయింది, రాళ్ళను కప్పింది. బుడ్డపరకలు ఒక్కసారిగా ఒడ్డువైపు ఉరికాయి. పాయ మెల్లగా వంపు తిరిగి కిందికి పోయింది.

ఆ వంపులో, చెలమల దగ్గర, దిగువ ఊరి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. వాళ్ళు అరవలేదు. తిట్టలేదు. బిందెలు చంకన పెట్టుకుని ఊరికే నిలబడ్డారు.

పెద్దాయన చూపు నల్లపాయ వెంట పోయి వాళ్ళ దగ్గర ఆగింది. నాలుగడుగులు కిందికి నడిచాడు.

"ఎందుకు నిలబడినారు?" అని అడిగాడు.

వాళ్ళలో ఒక ముసలామె కొంగు సర్దుకుని చెప్పింది. "మీ నీళ్ళు పోనీ అని సామీ. మీవి పోయినాక మావి వస్తాయి. అప్పుడు పట్టుకుంటాం."

"ఎంతసేపు పడతాది?"

"మీదొక్కటే అయితే పొద్దు వాలేసరికి. వెనకున్నవన్నీ దిగితే ఎప్పుడో చెప్పలేం."

"ప్రతి ఏడూ ఇట్లనే నిలబడతారా?"

"ఈ కొన్నాళ్ళు తప్ప ప్రతి పొద్దూ సామీ. పండుగకు కొంచెం ఎక్కువ నిలబడతాం. నిలబడకుంటే తాగేదెట్ల?" అని ముసలామె బోసినోటితో నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. అదే పెద్దాయనకు తగిలింది.

ఆయన మొండితనంలో కడిగేవాడికి తీసిపోడు. "అయితే నేనూ చూస్తాను. నా నీళ్ళు ఎప్పుడు పోతాయో" అన్నాడు. డ్రైవరును ఆగమన్నాడు. గొడుగు ముడిచి ఒక రాతి మీద కూర్చున్నాడు.

నీళ్ళు పోతూ ఉన్నాయి. నలుపు పలచబడింది గాని పోలేదు. ఇసుక అంచున చారగా పట్టుకుంది. రాళ్ళకు జిడ్డు అంటుకుంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఒడ్డున కార్లవాళ్ళు హారన్లు కొట్టారు, తర్వాత మానేశారు. ఆడవాళ్ళు కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. కడిగేవాడు ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన రాతి మీద నుంచి కదల్లేదు. ఆయన పంచె అంచు తడిసి నల్లబడింది, దాన్ని చేత్తో దులపబోయి ఆగాడు.

పొద్దు నడినెత్తి దాటింది. ఏటి మధ్యలో నీళ్ళు కాస్త తేరుకున్నాయి. చెలమల్లో మాత్రం మెరుపు తేలుతూనే ఉంది. ముసలామె చిప్పతో ఒకసారి తోడి చూసి, పారబోసి, మళ్ళీ నిలబడింది.

పెద్దాయన లేచాడు.

"బండి పైకి తియ్యిరా" అన్నాడు డ్రైవరుతో.

"ఇంకా సగం కూడా కాలేదు సామీ."

"మిగతా సగం గడ్డి మీద."

కడిగేవాడి వైపు చూడను కూడా చూడలేదు. తెల్ల కారు ఒడ్డెక్కి దిన్నె దారి పట్టింది. వరసలో ఉన్న కార్లు కాసేపు తటపటాయించి, ఒకటొకటిగా దాని వెంట తిరిగాయి. అంతసేపు ఎండలో ఆగిన విసుగు కొందరికి ఉంది. ఆచారం ఆచారమే గనక ఎవరూ వరస తప్పలేదు.

గరిక మీద కారు నిలిపి పెద్దాయన దిగాడు.

"మిగిలింది కడుగు."

"కడుగుతాను. ఏట్లో పోసింది మాత్రం తేలేను సామీ."

పెద్దాయన గుంట అంచుకు నడిచాడు. కుర్చీ తెస్తే వద్దన్నాడు. కారు కడిగినంతసేపూ కారు వైపు చూడలేదు, గుంట వైపే చూశాడు. కడిగేవాడు గుడ్డ పిండి ఆరేశాక పెద్దాయన అడిగాడు.

"ఇదంతా నాదేనా?"

"మీది అడుగునుంటాది. పైన ఇంకా అందరిదీ వస్తాది. కాసేపాగితే ఎవరిది ఏదో నేను కూడా చెప్పలేను."

ఆ మాటకు పెద్దాయన మొదటిసారి కొంచెం నవ్వాడు. ఆ సాయంత్రానికి ఎగువ ఊరి కార్లన్నీ గరిక మీద కడిగించుకుని పోయాయి. గుంట సగానికి నిండింది. గట్టు పొర్లలేదు.

మరునాడు ఆయుధ పూజ. ఎగువ ఊళ్ళో కార్లకు పూలదండలు వేశారు. కడిగేవాడి ఇంట్లో బకెట్టుకూ గోనెపట్టాకూ కుంకుడుకాయల బుట్టకూ బొట్లు పెట్టారు. భార్య పసుపు గిన్నె పట్టుకుని చేలోకి పోయింది. గుంట గట్టుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, నాలుగు బంతిపూలు ఉంచింది. దారిన పోతున్న డ్రైవరు అది చూసి ఆగాడు. వాడి నోరు ఎప్పుడూ ఊరుకోదు.

"ఏమక్కా, మురికి గుంటకు కూడా పూజా?"

"పూజ పని చేసేదానికే గదప్పా" అంది ఆమె, చేతులు తుడుచుకుంటూ.

డ్రైవరు ఆ మాటను ఎగువ ఊరికంతా మోశాడు. కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు.

ఆ ఏడాది నుంచి రేవులో కారు దిగలేదు. ఏరు తేటగా ఉంది. ఎగువ ఊరివాళ్ళు తమ ఇంటికి చుట్టాలొస్తే రేవుకు పిలుచుకుపోయి, అడుగున రాళ్ళను చూపించి, మా ఏరు ఇట్లా ఉంటుందని చెబుతారు. దిన్నె అవతలికి ఎవరినీ తీసుకుపోరు. దిగువ ఊరి ఆడవాళ్ళు చెలమల దగ్గర ఇప్పుడు నిలబడరు, పోగానే పట్టుకుంటారు. పసిబిడ్డ నడక నేర్చింది.

మొదటి గుంట ఎండి నల్లటి పెచ్చులా గట్టిపడింది. దాని పక్కన ఇంకొకటి తవ్వారు. అదీ నిండింది. తర్వాత గుంటకు జాగా ఆమే అడుగులతో కొలిచి చూపించింది. అట్లా చేను చివరి దాకా అయిపోయింది.

ఆమె ఇప్పుడు అలసందలు సంతలో కొంటుంది.